ఇరవై ఆరున్నర

నక్కలగుట్ట బొటిక్ మేడం ఫోన్‌ల ఫోటో పంపింది.
రిసెప్షన్ గౌను. కింద గేరు అర్రంత,
పైన నడుం పిడికెడంత.
"కార్సెట్ అంటారు యాకలక్ష్మీ, ఇరవై ఆరు రావాలి" అన్నది.
పెండ్లిపిల్ల నడుం ఇరవై తొమ్మిది, నేనే కొలిచిన.
మిగిలిన మూడు ఇంచులు
యాడికి పోవాల్నో ఫోటోల లేదు.

ముందుగాల బట్ట.
సిల్కు పైన మెరుపుకే. లోపల సాగనిది కావాలె.
కొత్తవాడల బాపు మగ్గం అమ్మకముందు నేసిన గుడ్డ,
జంపఖానా కంటె పల్చన, గోనె కంటె నున్నన,
ఐదు గజాలు సందూకల పడి ఉండె.
ఏ గుడ్డకైనా పడుగు నిలువుగ పెట్టి కోస్త.
దీనికి అడ్డం తిప్పిన,
పడుగు నడుం చుట్టు వచ్చేటట్టు.
సాగేది పేక, పడుగు సాగది.
బాపు ఆ మాట చెప్పంగ నాకు తొమ్మిదేండ్లు,
కండెలు చుట్టుకుంట, ఇననట్టు ఇన్న.

పన్నెండు ముక్కలు. ఒక్కటి గూడ చదరం కాదు,
అన్నీ నడుమ కొరికినట్టు సన్నగ.
సాక్‌పీసుతోని అంకెలేసిన.
ఐదు జాగల ఎనిమిది పడితె
పక్కటెముకల కాడ ముడత, ఇప్పి మళ్ళ కుట్టుడు.
ఇప్పిన. రెండుసార్లు.

పుల్లలు హైదరాబాదుల దొరుకుతయట, మూడు దినాలు ఆగాల్నట.
మా అన్న మొండయ్య జిన్నింగు మిల్లుల హమాలి.
బేళ్ళకు కట్టే ఇనుప పట్టీలు తెమ్మంటె నవ్విండు.
ఎనుమాములకు ట్రాలీ నిండ పొంగుకుంట వచ్చే పత్తి
ప్రెస్సుల పడ్డంక ఇంతయితది,
పట్టీ తెగిన్నాడు చూడాలె దాని కోపం, అన్నడు.
ఎడమ కనుబొమ్మ మీద ఆ కోపం గీత ఇంక ఉన్నది.

తుప్పు గీకి, కొసలు అరగదీసి,
గోళ్ళరంగు రెండు పూతలేసిన, ఇంట్ల ఎర్రదే ఉండె.
పదకొండు కుట్లకు పదకొండు గొందులు,
ఎనక అంచులకు ఇంకో రెండు.
ఇరవై నాలుగు రింగులు కొట్టి
తాడు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తెచ్చిన.
రెండూ నడుం కాడనే కలవాలె. గుంజేది ఆడ్నే.

పిల్లది నర్సంపేట, ఐతారం దాక రాదు.
నా కొలత దాదాపు అదే.
తలుపు బిడాయించి, కుర్తా మీదనె తొడిగి,
తాడు కిటికీ చువ్వకు కట్టి
ముందుకు నడిచిన.

కడుపు యాడికీ పోలేదు. కిందికింత, మీదికింత జరిగింది.
ఊపిరి మెడ కిందికొచ్చి కూసున్నది,
చెప్పకుండ వచ్చిన చుట్టం తీరు.
నీళ్ళు రెండు గుక్కలకె నిండినయి.
కాని నడుం,
మిషను మీద ఒంగి ఒంగి కొడవలైన నా నడుం,
ఇరవై రెండేండ్లల మొదటిసారి
ఏదో ఒకదానికి ఆనుకున్నది.
ఇప్పబుద్ధి కాలె.
అట్లనె కూసోని మూడు జాకెట్లకు కాజాలు కుట్టిన.
సూది జారి కింద పడితె పడనిచ్చిన, ఒంగరాదు గద.

తెల్లారుజామున ఇప్పిన.
పక్కల మీద ఎర్రటి చారలు, నిలువుగ, సమంగ,
బాపు జంపఖానా అంచుకు ఏసేటియే.
చెయ్యి అందినంత మేర లెక్కపెట్టిన. తొమ్మిది.
తాకితె మంట. తాకిన.

ఆ పిల్ల స్టేజి మీద నాలుగు గంటలు నిలవడాలె.
మేనత్తలొచ్చి నోట్ల మిఠాయి పెడతరు,
ఎవరో ఒక ముసలామె కాళ్ళకు ఒంగి మొక్కాలె.
పక్క కుట్లు ఇప్పిన.
అటు పావు, ఇటు పావు ఇడిసి మళ్ళ కుట్టిన.

ఐతారం మేడం టేపు చుట్టింది.
"ఇరవై ఆరున్నర వస్తోంది యాకలక్ష్మీ."
"పాత నేత గుడ్డ మేడం,
రెండుసార్లు తొడిగితె దగ్గర పడతది" అన్న.
ఎంత తొడిగితె అంత వదులైతదని
బాపు ఉంటె అక్కడనె చెప్పేటోడు.

పెండ్లిపిల్ల అద్దంలకెల్లి నన్ను చూసింది.
మెల్లగ, లోపలిదాక, ఒక ఊపిరి తీసి చూసుకున్నది.
గోళ్ళరంగు వాసనొస్తుందా ఆంటీ, అన్నది.